ఎవరూ తీసుకుపోని ఫోటో

అంజుమ్ చేతికి కొత్త ట్యాబ్ వచ్చిన దగ్గర్నుంచి మన కథ నడక మాని పరుగు అందుకుంది. వెనకబడినవారి కోసం, ఈ వారమే తొలిసారి ఈ పేజీ తెరిచినవారి కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, వినండి.

పటాన్‌చెరులో హైవే పక్కన చాంద్ పాషా దుకాణం. ఒకప్పుడది ఫోటో స్టూడియో. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో గేట్‌పాస్ కావాలన్న ప్రతివాడూ ఆయన స్టూలు మీద కూర్చుని, ఆయన మేకుకు తగిలించి ఉంచిన ఆకాశనీలం చొక్కా తొడుక్కుని, ఊపిరి బిగబట్టి ఫోటో దిగినవాడే. ఇప్పుడది సెల్‌ఫోన్ల కొట్టు. నడిపేది ఆయన కూతురు అంజుమ్. కొత్త ఫోన్ వచ్చిందంటే ఆ పిల్లకు అన్నం సహించదు. విప్పి చూసి, వాడి చూసి, తన ఛానల్లో మంచీచెడూ చెబుతుంది. ఆమె పరీక్షలు కూడా ఆమెవే. లారీల హారన్ల మధ్య స్పీకర్ వినిపిస్తుందా, గ్రీజు వేళ్ళతో ముట్టుకుంటే తెర పలుకుతుందా, మే నెల ఎండలో బండి ట్యాంకు మీద పెడితే ఎంతసేపు తట్టుకుంటుంది అని చూస్తుంది. కంపెనీవాడు పెట్టె మీద ఏం రాసుకున్నా లెక్కచేయదు.

కొత్త ట్యాబ్‌కు వచ్చిన అప్‌డేట్‌లో ఒక విద్య ఉంది. ఫోటోలన్నీ తిరగేసి, మొహాలు పోల్చుకుని, మనిషికొక ఆల్బం కట్టిపెడుతుంది. చిన్నాచితకా పరీక్షలకు దాని సత్తా తెలియదని అంజుమ్ తండ్రి పాత హార్డ్‌డిస్క్‌లో ఉన్నదంతా అందులో కుమ్మరించింది. కిందటి నెల ఒక ఫోన్ జూమ్‌ను పరీక్షించడానికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడి దగ్గర తీసిన ఫోటోలను కూడా కలిపింది. ఈ శుక్రవారం పొద్దున ట్యాబ్ రెండు మొహాలు పక్కపక్కన పెట్టి, "ఇద్దరూ ఒక్కరేనా?" అని అడిగింది. ఒకటి, అంజుమ్ ప్రాణస్నేహితురాలు నిషిత ఇంట్లో గోడకు వేలాడే ఆమె తండ్రి నర్సింహ మొహం. నిషిత పుట్టకముందే పనికోసం బొంబాయి పోయి, తిరిగి రాని మనిషి. రెండోది, గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముతున్న నెరిసిన గడ్డం మనిషి. పక్కనే కూర్చున్న నిషిత "అవును" మీద వేలు నొక్కి, స్కూటీ తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

అక్కడ ఆగాం. ఇక పదండి.

మధ్యాహ్నం అయింది. జుమ్మా నమాజు వేళ కాబట్టి కొట్లో బేరాలు లేవు. అంజుమ్ ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రివ్యూ రాసుకోవాలి, నిజమే. కానీ ఏం రాస్తుంది? ఇన్నాళ్ళూ ఆమె ఫోన్లను పశువుల సంతలో కోడెను చూసినట్టు చూసింది. పళ్ళు లెక్కపెట్టి, తోక ఎత్తి చూసి, వంకలు పెట్టింది. ఈ ట్యాబ్‌లో మాత్రం వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు.

వేలితో ఒక ఆల్బం తెరిచింది. మొదటి పుట్టినరోజున తలమీద కాగితం కిరీటంతో ఏడుస్తున్న పసివాడు. తర్వాత బడి ఫోటోలో ముందు పళ్ళు ఊడినవాడు. తర్వాత నీలం చొక్కాలో గేట్‌పాస్ కోసం బిగుసుకుపోయిన కుర్రాడు. చివరన పెళ్ళిబట్టల్లో మీసం మెలేసిన పెళ్ళికొడుకు. ఈ నలుగురూ ఒక్కడేనని వాడి కన్నతల్లి కూడా ఒక క్షణం ఆలోచించి గానీ చెప్పదు. ట్యాబ్ వరసగా పేర్చి పెట్టింది. ఎదురు వీధి టీకొట్టు నరసరాజుకు ఒకప్పుడు భుజాలదాకా జుట్టుండేదన్న సంగతి నరసరాజే మరిచిపోయాడు. దీనికి తెలుసు.  "ఎంత చూశావే నువ్వు" అని ట్యాబ్‌తో అంజుమ్ పైకే అంది.

అప్పుడే చాంద్ పాషా నమాజు ముగించుకుని వచ్చాడు. తెల్ల కుర్తా, అత్తరు వాసన, చేతిలో ఇంటికి తీసుకుపోవాల్సిన రొట్టెలు. ఇంట్లో తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. దుకాణం గడప దాటి లోపలికి వస్తే తెలుగే. అది ఆయన పెట్టిన పద్ధతి. గిరాకీ ముందు గుసగుసలాడినట్టు ఉండకూడదంటాడు. నాన్నను పిలిచే 'అబ్బా' మాత్రం గడప లోపల కూడా మారలేదు.

"అబ్బా, జల్దీ రా ఇటు. నువ్వు ఇన్నేండ్లు దించిన ఫోటోలన్ని ఇది ఒక్క పొద్దుల సదివి పెట్టింది!"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూశాడు. ఒక ఆల్బం, రెండో ఆల్బం. మొహం విప్పారింది.

"యా అల్లా! గీ పోరడు, గీ పెద్దమనిషి ఒక్కడేనా? బేటా, నేనే దించిన, నాకే గుర్తు లేదు. గిది ఎన్నడు మనిషిని సూడకుండనే గుర్తువట్టిందా?"

"గదే కదా నేను చెప్పేది. బట్టలు సూడది, గడ్డం సూడది. మొహం ఒక్కటే సూస్తది."

"మరి మేం గిదే ఏరియాల అందరికి ఒక్కటే అంగీ తొడిగిచ్చినం గదనే" అని చాంద్ పాషా గట్టిగా నవ్వాడు. "నా స్టూడియోల ఎవడొచ్చినా మొహం కంటే ముందు ఆ అంగీనే కనవడుతుండె. దీన్ని గా అంగీ గూడ మోసం చెయ్యలే."

ఆ నవ్వు చూసి అంజుమ్‌కు హుషారు పుట్టింది. అసలు అద్భుతం ఇంకా చూపించలేదు కదా. "ఇగ ఇది సూడు" అంటూ నిషిత తండ్రి ఆల్బం తెరిచి ఆయన ముందు పెట్టింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చాంద్ పాషా తెరను చూశాడు, కూతురిని చూశాడు, మళ్ళీ తెరను చూశాడు. చేతిలో రొట్టెల పొట్లం బల్ల మీద పెట్టాడు.

"బంద్ చెయ్."

"ఏంది అబ్బా?"

"బంద్ చెయ్యమంటున్న. గా మొహాల పని తుడిచెయ్. నిషితకు సూపియ్యకు."

"ఇగ సూపియ్యకేంది, అదే ఒత్తింది 'అవును' అని. పొద్దుగాలనే పోయింది."

"యాడికి?"

"యాడికేంది? వాళ్ళ నాయిన కాడికి."

చాంద్ పాషా వెనక్కి తడుముకుని పాత స్టూలు మీద కూర్చున్నాడు. స్టూడియో పోయినా ఆ స్టూలును ఆయన పారేయనివ్వలేదు.

"వాడు దాని నాయిన కాదు" అన్నాడు.

అంజుమ్‌కు కోపం వచ్చింది. తాను మెచ్చిన వస్తువును ఎవరైనా తప్పుపడితే ఆమెకు తన బిడ్డను తిట్టినట్టుంటుంది. "అంటే మిషన్ తప్పు చెప్పిందంటవా? మూడుసార్లు మళ్ళ చేసి సూసిన. ముక్కు, కండ్ల నడుమ జాగ, చెవులు, అన్ని కలిసినయి."

"మిషన్ సక్కగనే చెప్పింది బేటా. కొబ్బరికాయలు అమ్మెటోడు, ఆ ఫోటోల ఉన్నోడు ఒక్కడే. కానీ ఆ ఫోటోల ఉన్నోడు నర్సింహ కాదు."

రోడ్డు మీద ఒక ట్రెయిలర్ పోయింది. అద్దాల బీరువాలో ఫోన్లు గలగల్లాడాయి. 

తర్వాత చాంద్ పాషా చెప్పింది ఇదీ. ఫోటోలు దిగి, మళ్ళీ తీసుకుపోవడానికి రానివాళ్ళు స్టూడియోకు ఎప్పుడూ ఉండేవారు. ఫ్యాక్టరీకి తాళం పడిందనో, ఇంకో ఊళ్ళో పని దొరికిందనో రాకుండా పోయేవారు. ఆ ఫోటోలను ఆయన ఏనాడూ పారేయలేదు. పని నేర్పిన ఉస్తాద్ మాట అది. మనిషి మొహాన్ని చెత్తలో వేయకూడదు, ఎన్నేళ్ళకు వచ్చి అడిగినా చేతిలో పెట్టాలి. అలా ఒక బిస్కెట్ డబ్బా నిండింది. ఆయనకు ఇంకో పేరు కూడా ఉండేది. జోడీ ఫోటో అంటే చాంద్ పాషాయే. మొగుడూ పెళ్ళాం ఎన్నడూ కలిసి ఫోటో దిగకుండానే ఒకరు కన్నుమూస్తే, వేరువేరు ఫోటోల్లోంచి ఇద్దరినీ తీసి పక్కపక్కన కూర్చోబెట్టేవాడు. ఎక్కడా అతుకు కనబడేది కాదు.

ఒకరోజు నిషిత తల్లి సత్తెమ్మ చిన్న నిషితను చంకనేసుకుని వచ్చింది. పెళ్ళిలో ఫోటోలు తీయించుకున్న ఇల్లు కాదు. నర్సింహది ఒక్క ఫోటో కూడా లేదు. బళ్ళో పంతులమ్మ పిల్లలందరినీ అమ్మానాన్నల ఫోటో తెమ్మంది. తేలేనిదాన్ని పిల్లలు గేలి చేశారు. జ్వరం తెచ్చుకుని బడికి పోనని మొరాయించింది బిడ్డ.

"నన్నేమన్నదో ఎరుకేనా? 'భాయ్, నా పక్కన జెర ఒక నాయినను పెట్టు' అన్నది. కోపం జేసిన ముందు. నాయిన అంటే కూరగాయనా, ఇంత తూచి ఇయ్యనీకి? కానీ ఆ పోరి నా దిక్కే సూస్తున్నది. ఇగ డబ్బా తీసి ఇచ్చిన. ఇదే స్టూలు మీద కూసొని, అన్ని ఫోటోలు ఒక్కొక్కటి సూసింది సత్తెమ్మ. పొద్దు గుంకేదాంక సూసింది. సూసి, ఒక్కటి నా చేతిల పెట్టి, 'గిదే పెట్టు' అన్నది. పెట్టిన."

అంజుమ్ ట్యాబ్‌లో ఆ ఫోటోను తెరమీద పరుచుకుంది. సత్తెమ్మ, ఆమె పక్కన నీలం చొక్కా మనిషి. రెండువేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఇద్దరి భుజాలు కలిసే చోటు, మనిషి చెవి పక్కన వెలుతురు, సత్తెమ్మ కొంగు మీద అతని నీడ. ఆ నీడను కూడా వేశాడు ఆయన! ఇన్ని లక్షల చుక్కలున్న తెర మీద కూడా అతుకు దొరకలేదు. ఇన్నేళ్ళ మొహాలను వలిచి చూపించిన మిషన్ ఈ ఒక్క ఫోటోను అసలుదే అనుకుని మోసపోయింది. ఆ పూట ఆమెకు కలిగిన రెండో ఆశ్చర్యం ఇది, మొదటిదానికంటే పెద్దది. కానీ ఆశ్చర్యం వెంటనే కోపమూ వచ్చింది.

"మరి అంగీ? నాయినదని నిషిత ఇన్నేండ్లు దాచుకున్న నీలం అంగీ?"

చాంద్ పాషా తల దించుకున్నాడు. ఫోటో ఇచ్చిన నాడు ఆ పిల్ల ఇంకా జ్వరంతోనే తల్లి వెంట దుకాణానికొచ్చింది. మేకుకున్న నీలం చొక్కా చూసింది. "మా నాయిన అంగీ" అని రెండు చేతులూ చాచింది. ఆయన మేకు నుంచి తీసి ఇచ్చేశాడు. అంజుమ్‌కు ఇప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు స్టూడియో ఫోటోల్లో అందరూ నీలం చొక్కాలో ఉండి, ఉన్నట్టుండి అందరూ తెల్లచొక్కాలోకి ఎందుకు మారారో ఆమె ఎప్పుడూ అడగలేదు.

"అబద్ధం చెప్పింది సాలక దానికి అంగీ గూడ తొడిగినవ్! తప్పనిపియ్యలేదా నీకు?"

"ఏం తప్పు?" చాంద్ పాషా గొంతు కూడా లేచింది. "ఆ అంగీ కప్పుకొని పండుకున్నది ఆ పోరి, జ్వరం తగ్గింది, తెల్లారి బడికి పోయింది. ఇయ్యాల నౌకరీ చేస్తున్నది. నాయిన లేని బిడ్డకు ఒక నాయినను తయారు చేసిచ్చిన. మళ్ళ అడిగినా ఇస్త."

"నాతోనన్న చెప్పాలె గదా!"

"నీతోనా? నీ నోట్ల నువ్వుగింజ నానుతదా? పొద్దున ఫోన్ పెట్టె ఇప్పితె పొద్దుగూకే వరకు ఊరంత చెప్తవ్!"

ఆ మాట నిజమే. నిజమైనందుకే అంజుమ్‌కు ఇంకా మండింది. కానీ పోట్లాడే తీరిక లేదు. నిషితకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. స్టేటస్ చూసింది. ముందు బీరంగూడలో తన ఇంటికి పోయి, అక్కణ్నుంచి గుడికి వెళ్ళినట్టుంది. ఇస్త్రీ చేసి మడతపెట్టిన నీలం చొక్కా ఫోటో, కింద "నాయినకు తీస్కపోతున్న" అన్న మాట.

జరగబోయేదంతా అంజుమ్ కళ్ళముందు మెదిలింది. గుడి ముందు, శుక్రవారం రద్దీలో, ఆ పిచ్చిపిల్ల ఎవరో పరాయివాడి కాళ్ళు పట్టుకుంటుంది. అతను "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. ఇన్నేళ్ళు గోడమీద చూసుకుని మొక్కిన మొహం, ఆమె ఎవరో తెలియదని నలుగురి ముందూ చెబుతుంది. దానికి కారణం తన ట్యాబ్. గొప్ప పరీక్ష పెట్టానని మురిసిపోయింది తానే. ఏడుపు వచ్చింది.

"సత్తెమ్మకు ఫోన్ కొట్టు అబ్బా" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"కొట్టిన. నువ్వు స్టేటస్ సూస్తున్నప్పుడే. రమ్మన్న."

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే సత్తెమ్మ ఆటో దిగి, పసుపు మరకల చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. ఆయాసపడుతోంది. "ఏమైంది భాయ్? జెర రమ్మంటివి, ఏందో చెప్పకపోతివి. నిషితకు ఏమన్న అయిందా?"

చాంద్ పాషా నోరు తెరిచేలోపే స్టాండ్‌కు పెట్టిన ఫోన్ మోగింది. వీడియో కాల్. నిషిత.

అంజుమ్ పచ్చబొమ్మ నొక్కింది. తెర నిండా నిషిత మొహం. వెనక కొబ్బరికాయల రాశి, ఎర్రటి కుంకుమ పొట్లాలు, మైకులో అమ్మవారి పాట. మొహంలో ఏడుపు లేదు, నవ్వూ లేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని చూస్తోంది.

"అంజుమ్, నేనేం మాట్లాడను. ఆయన చెప్తడు, విను" అని ఫోన్ పక్కకు తిప్పింది.

నెరిసిన గడ్డం మనిషి. చేతిలో నీలం చొక్కా. దాన్ని వెలుగుకు పట్టి, కాలర్ తిప్పి చూస్తున్నాడు.

"ఈ అంగీ నాది కాదు బిడ్డా" అన్నాడు.

అంజుమ్ కళ్ళు మూసుకుంది. పక్కన తండ్రి ఊపిరి వదలడం వినబడింది.

"గిది పటాన్‌చెరుల సాయిబు స్టూడియోది. మేకుకు ఉంటుండె. అందరం గిదే తొడుక్కొని ఫోటో దిగినం. నేను దిగిన, కానీ మళ్ళ పోయి ఫోటోలు తెచ్చుకోలే. గా వారమే ఊరు ఇడిసి పోయిన."

ఇక అయిపోయింది, అనుకుంది అంజుమ్. ఇప్పుడు నిషిత అడుగుతుంది, మరి నా గోడమీద నువ్వెందుకున్నావని. కానీ నిషిత గొంతు వినిపించింది. "అంజుమ్, నేను ఈయనకు ఏం చెప్పలే. అంగీ సూపెట్టి, నువ్వు నాకు ఎరుక అన్న, గంతే. ఇప్పుడు మళ్ళ చెప్పు పెద్దాయనా, ఇందాక నన్నేమన్నవు?"

ఆ మనిషి చొక్కా దించి, నిషిత మొహంలోకి చూశాడు. తొందర లేకుండా, ఒక్కొక్క గీతనూ చదువుతున్నట్టు చూశాడు.

"నువ్వు సత్తెమ్మ బిడ్డవు గదా?" అన్నాడు. "గదే నొసలు. గవే కండ్లు. బండి దిగి నడిసి వస్తుంటెనే పోల్చుకున్న."

అంజుమ్ చేతిలోని ట్యాబ్‌ను బల్ల మీద పెట్టేసింది. ఏ అప్‌డేటూ లేదు, హార్డ్‌డిస్క్ లేదు. ఎన్నడూ చూడని పిల్ల మొహంలో, ఇరవై ఏళ్ళ కింద వదిలిపోయిన మొహాన్ని ఆ కొబ్బరికాయల మనిషి పోల్చుకున్నాడు. ఆ వెంటనే అంజుమ్‌కు ఇంకో సంగతి తట్టింది. పొద్దు గుంకేదాకా డబ్బా వెతికి సత్తెమ్మ తీసిన ఫోటో, చేతికి దొరికింది కాదు. వెతికి పట్టుకున్నది.

చాంద్ పాషా కూడా అదే అనుకున్నాడు. నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. "చెల్లె, ఎవరీయన?"

సత్తెమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. కొంగు తలమీదికి లాక్కుంది. కళ్ళు తెరను విడిచిపెట్టడం లేదు.

"నర్సింహతోని బొంబాయి బండెక్కిన మనిషి" అంది. "ఇద్దరు కలిసి పోయిండ్రు. ఇద్దరు రాలేదు. నర్సింహ మొహం ఎట్లాగు లేకపాయె. ఆయన పక్కన ఆఖరుకు ఉన్న మొహమన్న నా బిడ్డ సూడాలె అనుకున్న."

మూడడుగుల్లో వచ్చి స్టాండ్ మీది ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ఫోన్ అంటే పిలుపు ఎత్తడం, పెట్టేయడం తప్ప ఇంకేమీ ఎరగని మనిషి, తెరకు మొహం ఆనించి అడిగింది.

"అన్నా, నేను సత్తెమ్మను. నర్సింహ యాడున్నడు?"

తెరలో ఆ మనిషి తల ఎత్తాడు. ఆమెను చూశాడు. చూసి, నీలం చొక్కాను జాగ్రత్తగా మడిచాడు. ఒకసారి, రెండుసార్లు. నిషిత చేతుల్లో పెట్టి, ఆమె తల నిమిరాడు. ఆ తర్వాతే ఫోన్ వైపు తిరిగాడు.

"బిడ్డ ముందల అడగకు సత్తెమ్మా" అన్నాడు.